పచ్చడి కబురు... చెత్తబుట్టలోకా?

సంక్రాంతి వెళ్లిందంటే గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో కల్లాలు ఎర్రబారతాయి. ఒక పక్క పత్తి చివరి తీతలు, మరో పక్క మిరప కోతలు. చెట్టు మీదే పండిన కాయ పచ్చడికి దొరికేది ఆ కొద్ది వారాలే. తొడిమలు తీసి, కడిగి ఆరబెట్టి, చింతపండూ ఉప్పూ వేసి దంచి జాడీకెత్తడం, మూడో రోజు తీసి మళ్లీ దంచడం... ఈ పని తెలిసిన చేతులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. ఆ చేతిపనినే నాలుగు డబ్బుల సంపాదనగా మార్చుకున్న ఇల్లాళ్లూ తక్కువేమీ లేరు. పండుమిర్చి పచ్చడి, గోంగూర, కారప్పొడులు... అటు మంగళగిరి, చీరాల వైపు వెళితే నేత చీరలు.

సరుకు సిద్ధమైతే సరిపోదు కదా, ఆ సంగతి కొనేవాళ్లకు తెలియాలి. ఇదివరకు ఈ కబురు పక్కింటి పిన్నిగారి నోటా, ఊరెళ్లే చుట్టాల నోటా సాగేది. ఇప్పుడు ఎస్సెమ్మెస్, వాట్సాప్, ఇ-మెయిల్ మోసుకెళుతున్నాయి. హైదరాబాదులో ఉన్న వదినకైనా, అమెరికాలో ఉన్న ఆమె కూతురికైనా 'ఈ ఏటి పచ్చడి పట్టాం' అన్న మాట క్షణంలో అందాలి. కానీ చాలాసార్లు అందడం లేదు. ఎస్సెమ్మెస్ మధ్యలో ఆగిపోతుంది. మెయిల్ వెళ్లి 'స్పామ్' అనే చెత్తబుట్టలో పడుతుంది. జాడీలో పచ్చడి సిద్ధం, కబురు మాత్రం గల్లంతు! సీజను కాస్తా దాటాక తీరిగ్గా 'అయ్యో, చెప్పలేదేం?' అంటారు కొనేవాళ్లు.

ఎందుకిలా? తప్పెవరిది? దారేది?

రెండు వైపులా మనమే

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చగానే ఫోను మోగుతుంది. లోను కావాలా, ప్లాటు కావాలా, క్రెడిట్ కార్డు కావాలా అని. వద్దు మొర్రో అన్నా వినరు. ఈ గోల భరించలేకే మన దేశంలో 2007లో 'డు నాట్ కాల్' రిజిస్ట్రీ వచ్చింది. 2010లో నిబంధనలు బిగించారు. 2018 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ 'ట్రాయ్' మరింత గట్టి నిబంధనలు తెచ్చింది. అయినా గోల తగ్గిందా అంటే, 2024 మొదటి ఆరు నెలల్లోనే రిజిస్టరు కాని ప్రచారకర్తల మీద 7.9 లక్షల ఫిర్యాదులు వచ్చాయి. దాంతో ట్రాయ్ ఆగస్టులో కన్నెర్ర చేసింది. కొద్ది వారాల్లోనే 2.75 లక్షల కనెక్షన్లు తెగిపోయాయి. 50కి పైగా సంస్థలు బ్లాక్ లిస్టులో చేరాయి.

కాబట్టి నిబంధనలు ఉండకూడదని ఎవరూ అనరు. అవి మన మనశ్శాంతి కోసం పెట్టినవే. చిక్కల్లా ఏమిటంటే, వద్దన్నా వెంటపడే లోను ఏజెంటునీ, 'పచ్చడి పట్టగానే చెప్పమ్మా' అని మనం అడిగి పెట్టుకున్న ఇల్లాలినీ యంత్రం ఒకే గాటన కడుతోంది. విసిగిపోయి ఫిర్యాదు చేసేదీ మనమే, కబురు అందక నష్టపోయేదీ మనమే!

'స్పామ్' అంటే డబ్బా మాంసం

ఈ పేరు వెనుక తమాషా కథ ఉంది. స్పామ్ అనేది అమెరికాలో డబ్బాల్లో అమ్మే ఓ పంది మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టీవీలో 'మాంటీ పైథాన్' బృందం ఒక హాస్య నాటిక వేసింది. హోటల్లో ఏం అడిగినా అందులో స్పామ్ ఉంటుంది, వద్దన్నా వడ్డిస్తారు. అడగకుండా వచ్చిపడే ప్రకటనలకు ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు అలాంటి మొదటి మెయిల్ 1978 మే నెలలో వెళ్లింది. ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. చీవాట్లూ తిన్నాడు, సరుకూ అమ్ముకున్నాడు. ఆ రెండో సంగతి వల్లే ఈ జాడ్యం ఇన్నేళ్లయినా వదల్లేదు.

ఎస్సెమ్మెస్ పంపాలంటే...

2018 నిబంధనల ప్రకారం వ్యాపార సందేశాలు గుంపుగా పంపాలనుకునేవారు ముందు టెలికాం కంపెనీల పోర్టల్ లో రిజిస్టరు కావాలి. దీన్నే డి.ఎల్.టి. రిజిస్ట్రేషన్ అంటారు. పాన్ కార్డు, వ్యాపారం పేరిట జీఎస్టీ లాంటి ఏదో ఒక ఆధారం, కొంత రుసుము ఉండాలి. తర్వాత 'హెడర్' తీసుకోవాలి. అంటే సందేశం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పే పొట్టి పేరు. ఆపైన పంపబోయే మాటలను కూడా ముందే రాసిచ్చి అనుమతి పొందాలి. అనుమతించిన నమూనాలో ధర, తేదీ లాంటి ఖాళీలు మాత్రమే మనం నింపుకోవచ్చు. ఒక్క మాట అటూ ఇటూ అయినా సందేశం కదలదు. సందేశంలో వెబ్ సైట్ లింకు ఉంటే దాన్నీ ముందే నమోదు చేయాలి. ఈ షరతు 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది.

పెద్ద కంపెనీకి ఇదో లెక్క కాదు. ఓ గుమాస్తాకి అప్పగిస్తే అయిపోతుంది. పొద్దున్నే పిల్లల్ని స్కూలుకి పంపి, పది నుంచి నాలుగు దాకా పచ్చళ్ల పని చూసుకునే ఇల్లాలికి గుమాస్తా ఎక్కడ? వ్యాపారం ఇంటి వసారాలో. బోర్డు లేదు, జీఎస్టీ నంబరు అవసరమైనంత అమ్మకం లేదు. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతోంది.

తెలుగులో పంపుదామంటే మరో తంటా. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్ కి 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 మాత్రమే. అదీ మన లెక్క కాదు, యంత్రం లెక్క. 'పచ్చడి' అంటే మనకు మూడక్షరాలు. ఒత్తూ గుడీ విడివిడిగా లెక్కపెట్టే యంత్రానికి ఆరు! డెబ్బై దాటితే రెండో ఎస్సెమ్మెస్ కింద లెక్కకట్టి రుసుము వేస్తారు. తెలుగు ఇల్లాలు తెలుగువాళ్లకు తెలుగులో కబురు చెప్పాలంటే ఖర్చు ఎక్కువన్నమాట.

ఇంటి నంబరుతో పంపితే?

'ఈ గొడవంతా ఎందుకు, నా సెల్ నుంచే అందరికీ పంపేస్తా' అనిపించడం సహజం. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ నిబంధనలను మళ్లీ సవరించింది. రిజిస్టరు కాని నంబరు మీద 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే చాలు, చర్య తప్పదు. అంతకుముందు 7 రోజుల్లో 10 ఫిర్యాదులు వస్తేనే కదిలేవారు. ఫిర్యాదు చేయడానికి గడువు కూడా 3 రోజుల నుంచి 7 రోజులకు పెంచారు. మొదటి తప్పుకు 15 రోజులపాటు ఆ మనిషి పేరిట ఉన్న కనెక్షన్ల నుంచి కాల్స్, సందేశాలు బయటకు పోకుండా ఆపేస్తారు. మళ్లీ చేస్తే ఏడాదిపాటు కనెక్షన్లే తీసేస్తారు.

ఇల్లాలి నంబరంటే అంగడి నంబరు ఒక్కటే కాదుగా! గ్యాసు బుకింగు దానితోనే, బ్యాంకు ఖాతా దానితోనే, పిల్లల స్కూలు నుంచి ఫోను వచ్చేదీ దానికే. ఎవరో నంబర్ల జాబితా ఇచ్చారని తెలియని వాళ్లకు 'మా పచ్చళ్లు కొనండి' అని పంపితే, అందులో ఐదుగురు విసుక్కుంటే చాలు, ఇల్లంతా ఇబ్బంది పడుతుంది. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకున్నా, అదీ మన పేరిటే ఉంటే పూర్తి రక్షణ కాదు.

వాట్సాప్ ట్రాయ్ ఎస్సెమ్మెస్ నిబంధనల కిందకు రాదు. అయితే దాని లెక్కలు దానికున్నాయి. ఒక బ్రాడ్ కాస్ట్ జాబితాలో 256 మందే పడతారు. అందులోనూ మన నంబరును తమ ఫోనులో దాచుకున్న వాళ్లకే సందేశం చేరుతుంది. తెలియని వాళ్లకు గుంపుగా పంపితే ఖాతా మూసేస్తారు.

మెయిల్ కి లక్క ముద్ర

మెయిల్ సంగతి ఇంకోలా ఉంటుంది. మన దేశంలో చెత్త మెయిల్స్ కోసం ప్రత్యేకంగా చట్టం లేదు. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ లో విసిగించే మెయిళ్ల ప్రస్తావన ఉండేది. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్ నే కొట్టేసింది. వాక్ స్వాతంత్య్రానికి అది అడ్డని. కాబట్టి మన మెయిల్ చేరాలా వద్దా అని తేల్చేది ఎక్కువగా జీమెయిల్, యాహూ లాంటి కంపెనీలే.

ఈ రెండూ 2024 ఫిబ్రవరి నుంచి కొత్త షరతులు పెట్టాయి. మెయిల్ పంపేవాళ్లు తమ గుర్తింపు రుజువు చేసుకోవాలి. దానికి మూడు పద్ధతులున్నాయి. మన పేరు మీద ఉత్తరాలు మోయడానికి ఎవరెవరికి అనుమతి ఉందో చెప్పే జాబితా ఎస్.పి.ఎఫ్. దారిలో ఎవరూ విప్పి మార్చలేదని చూపించే లక్క ముద్ర లాంటిది డి.కె.ఐ.ఎం. ముద్ర సరిపోకపోతే ఆ ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే ఆదేశం డీమార్క్. రోజుకు 5 వేలకు పైగా జీమెయిల్ చిరునామాలకు పంపేవాళ్లకు ఈ మూడూ తప్పనిసరి. చిన్నవాళ్లకు మొదటి రెండింట్లో ఒకటి ఉన్నా చాలు.

'మేం పంపేది రెండు మూడు వందల మందికి. మాకేం?' అనుకోవద్దు. చిన్న వ్యాపారాలు ఎక్కువగా దెబ్బతినేది రెండుచోట్ల.

ఒకటి, పేరు. ఊరికే వచ్చే జీమెయిల్ చిరునామాను పెట్టుకుని, వేరే మెయిలింగ్ సర్వీసు ద్వారా గుంపుగా పంపుతారు. పేరు జీమెయిల్ ది, మోసేది ఇంకొకరు! ముద్ర కలవదు. తిన్నగా చెత్తబుట్టకే. ప్రకటనే కాదు, 'మీ ఆర్డరు అందింది, రేపు పంపుతాం' అన్న రసీదు మెయిల్ కూడా అలాగే పోతుంది. డబ్బు కట్టిన మనిషికి జవాబు రాకపోతే ఏమనుకుంటారు? మోసపోయామనుకుంటారు. చేతి రుచితో ఏళ్ల తరబడి సంపాదించుకున్న నమ్మకం ఒక్క మెయిల్ తో పోతుంది.

రెండు, లెక్క. మెయిల్ అందినవాళ్లలో 'ఇది స్పామ్' అని బటన్ నొక్కేవాళ్లు వెయ్యికి ముగ్గురి కంటే తక్కువ ఉండాలంటుంది జీమెయిల్. వెయ్యికి ఒకరు కూడా లేకుంటే ఇంకా మంచిదంటుంది. లక్షమందికి పంపే కంపెనీలో 299 మంది నొక్కినా గీత దాటదు. 300 మందికి పంపే మన ఇల్లాలి విషయంలో ఒక్కరు నొక్కితే చాలు, గీత దాటినట్టే! ఆ ఒక్కరూ కోపంతోనే నొక్కాలని లేదు. పిల్లాడి చేయి తగిలినా, 'ఇక చాలు' అని చెప్పే దారి కనిపించక నొక్కినా అంతే.

పరదేశం పచ్చడి

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు మెయిల్స్ పంపేవారు అక్కడి చట్టాలు కూడా తెలుసుకోవాలి. అమెరికాలో 2004 జనవరి 1 నుంచి 'కాన్-స్పామ్' చట్టం ఉంది. ముందుగా అనుమతి అడగమనదు కానీ, శీర్షికలో అబద్ధం ఉండకూడదు, పంపినవాళ్ల పోస్టల్ అడ్రసు ఉండాలి, వద్దన్నవాళ్లకు 10 పనిదినాల్లోగా ఆపేయాలి. కెనడా చట్టం ఇంకా గట్టిది. 2014 జులై 1 నుంచి అక్కడ ముందు అనుమతి ఉండాల్సిందే. మన దగ్గర సరుకు కొన్నవాళ్లకైతే కొన్న నాటి నుంచి రెండేళ్లు అనుమతి ఉన్నట్టే లెక్క. ఊరికే ధర కనుక్కున్నవాళ్లకు ఆరు నెలలే.

అమెరికా అధికారులు చీరాల దాకా వచ్చి పట్టుకుంటారా అని నవ్వుకోవచ్చు. అంత దూరం రానక్కర్లేదు. మెయిలింగ్ సర్వీసు కంపెనీలు ఆ చట్టాలనే తమ షరతులుగా పెట్టుకున్నాయి. తేడా వస్తే ఖాతా మూసేస్తాయి. దాంతోపాటు కొనేవాళ్ల జాబితా కూడా చేజారిపోవచ్చు.

ఎవరి తప్పుకు ఎవరికి శిక్ష?

2021 మార్చి 8... సరిగ్గా మహిళా దినోత్సవం నాడు దేశమంతటా ఓ గందరగోళం జరిగింది. రిజిస్టరు కాని నమూనాలను ఆపేయడం ఆ రోజే మొదలుపెట్టారు. ఎన్నో సంస్థలు తమ సందేశాలను నమోదు చేసుకోనే లేదు. ఫలితం? జనానికి రావాల్సిన ఓటీపీలు ఆగిపోయి చెల్లింపులు నిలిచిపోయాయి. మర్నాడే ట్రాయ్ ఆ తనిఖీని వారం రోజులు ఆపి, గడువిచ్చింది.

పెద్దవాళ్లు తడబడితే నిబంధనే వారం రోజులు ఆగింది. పండుమిర్చి సీజన్ లో ఒక ఇల్లాలి సందేశం ఆగితే ఎవరు ఆగుతారు? ఆమెకు సందేశం ఆగిందన్న సంగతే తెలియదు. 'ఈ ఏడు ఎవరూ అడగలేదు' అని పచ్చడి పక్కవాళ్లకు పంచి, వచ్చే ఏడు ఆ పనే మానేస్తుంది.

ఈ నిబంధనలు నోటి మంచితనాన్ని చూడవు, కాగితాన్ని చూస్తాయి. కాగితం కొనగలిగినవాడు దర్జాగా ప్రకటనలు పంపుతూనే ఉన్నాడు. కాబట్టి చిన్న వ్యాపారాలకు తక్కువ రుసుముతో, తెలుగులో నింపే దరఖాస్తుతో తేలిక దారి ఉండాలి. ఒక్కో ఇల్లాలు విడిగా కాక, డ్వాక్రా సంఘమో సమాఖ్యో సభ్యులందరి తరఫున ఒకే పేరు రిజిస్టరు చేయించుకునే ఆలోచన చేయొచ్చు. పొదుపు సంఘాలతో బ్యాంకు మెట్లెక్కిన మన ఆడవాళ్లకు ఇదేం బ్రహ్మవిద్య కాదు.

మరి ఏం చేయాలి?

* ముందు 'సరే' అనిపించుకోండి. సరుకు కొన్నప్పుడే 'కొత్త పచ్చళ్లు వచ్చినప్పుడు కబురు చెప్పమంటారా?' అని అడగండి. ఎవరు, ఏ తేదీన, ఎలా సరేనన్నారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. చీటీల పద్దు రాసినంత జాగ్రత్తగా! 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అనుమతి అడగాలనే చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతల అమలుకు అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టం ప్రకారం అనుమతి కోరే మాటలను తెలుగులో చదువుకునే హక్కు కూడా కొనేవాళ్లకు ఉంది.

* నంబర్ల జాబితాలు, మెయిల్ జాబితాలు కొనకండి. చవగ్గా వచ్చాయని తీసుకుంటే చిక్కులు కొనుక్కున్నట్టే.

* వ్యాపారానికి సొంత పేరుతో ఇంటర్నెట్ చిరునామా తీసుకోండి. మామూలు పేరైతే ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ అవుతుంది. మెయిల్స్ దాని నుంచే పంపండి. ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం. అమర్చమని కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లకు చెబితే ఓ పూటలో పని.

* 'వద్దు' అనడానికి తేలిక దారి చూపండి. మెయిల్ చివర ఆ లింకు స్పష్టంగా పెట్టండి. వద్దన్నవాళ్ల పేరు రెండు రోజుల్లోపే తీసేయండి. వెళ్లేవాళ్లను గౌరవంగా పంపితేనే ఉన్నవాళ్లకు మన ఉత్తరం చేరుతుంది.

* తరచుగా పంపకండి. పచ్చడి పట్టినప్పుడు ఒకటి, అయిపోవచ్చినప్పుడు ఒకటి. రోజూ 'శుభోదయం' పంపితే మంచివాళ్లకైనా విసుగే.

* మన నంబరు, మెయిల్ చిరునామా దాచుకోమని కొనేవాళ్లకు చెప్పండి. సీసాకి అంటించే చీటీ మీదే అచ్చు వేయిస్తే సరి. 'మా మెయిల్ స్పామ్ లో కనిపిస్తే స్పామ్ కాదని నొక్కండి' అని ఒక మాట చేర్చండి.

* వ్యాపారానికి ఒక ఆధారం ఉంచుకోండి. కేంద్ర ప్రభుత్వ 'ఉద్యమ్' రిజిస్ట్రేషన్ ఆధార్ తో ఆన్ లైన్ లోనే, పైసా ఖర్చు లేకుండా అవుతుంది. దానికి డబ్బు అడిగే ఏజెంట్లను నమ్మకండి.

ఇక కొనేవాళ్లకూ ఓ మాట. ఎస్సెమ్మెస్ పంపినవారి పేరు చివర ఇప్పుడు ఓ అక్షరం కనిపిస్తుంది. 'పి' అంటే ప్రకటన, 'ఎస్' అంటే సేవా సమాచారం, 'టి' అంటే లావాదేవీ, 'జి' అంటే ప్రభుత్వం. నిజంగా విసిగించేవాళ్ల మీద 1909కి మొహమాటం లేకుండా ఫిర్యాదు చేయండి. తెలిసిన ఇల్లాలి నుంచి వచ్చిన కబురు వద్దనుకుంటే మాత్రం స్పామ్ బటన్ నొక్కే బదులు 'ఇక వద్దమ్మా' అని చెప్పండి. ఆ ఒక్క నొక్కు మిగతా 299 మంది ఇళ్లకు పచ్చడి కబురు చేరకుండా చేయగలదు.

అంగడికి నడిచొచ్చే రోజుల్లోనూ అంతే కదా... పిలిచిన ఇంటికే గంప దించేవాళ్లు, వద్దన్న గడప తొక్కేవాళ్లు కాదు. ఆ మర్యాద మనకు కొత్త కాదు. ఇప్పుడు దాన్ని ఓ పుస్తకంలో రాసి పెట్టుకోవాలి, అంతే!